చెయ్యెత్తే మోటారు ఏది?

బాలలూ! పోటీకి మరమనిషిని చేస్తున్నారా? దాని చేతికి గిర్రున తిరిగే మోటారు కొనేముందు, గద్వాల దగ్గరి జూరాల ఆనకట్ట గేట్లను తలచుకోండి. అవి ఎంత బరువో, అంత నెమ్మదిగా లేస్తాయి. ఎత్తడానికి ముఖ్యం వేగం కాదు, తిప్పే బలం.

లెక్క కడదాం. అరమీటరు చెయ్యి అడ్డంగా చాచి, చివర కిలో బరువు పట్టుకుంటే, ఇరుసు దగ్గర సుమారు 5 న్యూటన్-మీటర్ల బలం కావాలి. చేతి సొంత బరువూ, రాపిడీ కూడా ఉన్నాయి గదా! అందుచేత రెండింతలు, అనగా 10 ఉండేటట్టు చూసుకోండి.

మీ మోటారు బలం 2 మాత్రమేనా? దాని ఇరుసుకు 10 పళ్ల చక్రం తగిలించి, 50 పళ్ల చక్రాన్ని తిప్పించండి. వేగం అయిదో వంతుకు తగ్గుతుంది. బలం దాదాపు అయిదింతలవుతుంది.

చెయ్యి మధ్యలో ఆగిపోతే వెంటనే కరెంటు ఆపండి. తిరగని మోటారులో కరెంటు ఎక్కువై, తీగచుట్ట కాలిపోతుంది సుమా!