మేడ తాళం ఎవరి చేతిలో ఉంది?

పెద్ద సూపర్ మార్కెట్లలో ఈమధ్య విదేశీ సరుకులకి ఒక అర వేరుగా కేటాయిస్తున్నారు. ఎండబెట్టి నూనెలో ఊరేసిన టమాటా ముక్కల సీసా అందులో తప్పకుండా ఉంటుంది. ఇటలీ వంటల్లో వాడతారు. రుచిగానే ఉంటుంది, కాదనను. ధర చూస్తేనే చాచిన చెయ్యి వెనక్కి వస్తుంది. ఆ సీసాని అపురూపంగా బుట్టలో వేసుకునే అమ్మాయిల్ని చూస్తే నాకొకటి అడగాలనిపిస్తుంది - "ఏమ్మా, మీ అమ్మమ్మ టమాటా ఒరుగులు పెట్టడం నువ్వెప్పుడూ చూళ్ళేదా?" అని.

ఒరుగులంటే తెలియనివారికి ఒక మాట. కాయగూరల్ని ముక్కలు కోసి, ఉప్పు పట్టించి, గలగలలాడేదాకా ఎండబెడితే అవే ఒరుగులు. ఉప్పూ ఎండా కలిసి ముక్కలోని నీటిని లాగేస్తాయి. నీరు లేనిచోట బూజు పట్టదు, కుళ్ళు రాదు. అందుకే తడి తగలని సీసాలో పోసి, మధ్యలో ఒకటి రెండుసార్లు ఎండ చూపిస్తే మళ్ళీ వేసవి దాకా నిలవుంటాయి. ఫ్రిజ్జు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

నా వంటింట్లో మొదటి పీట మామిడి ఒరుగులదే. కప్పు కందిపప్పుకి ఎనిమిది, పది ముక్కలు చాలు. వేడినీళ్ళలో అరగంట నానబెట్టి, పప్పు మెత్తబడ్డాకే వెయ్యాలి. ముందే వేస్తే పులుపు తగిలి పప్పు ఓ పట్టాన ఉడకదు. ఒరుగుల్లో ఉప్పు ఉంటుంది కనుక రుచి చూశాకే ఉప్పు. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టారంటే కార్తీకమాసంలోనూ మామిడికాయ పప్పే! నానిన ముక్కల్నే ఆ పోపుతో, చిన్న బెల్లం ముక్కతో కలిపి నూరితే పచ్చడి అయిపోతుంది.

టమాటా ఒరుగులు నాలుగు వేసి మరిగిస్తే చారులో చింతపండు సగానికి సగం తగ్గించుకోవచ్చు. వంకాయ ఒరుగులు పులుసుకి బావుంటాయి. గోరుచిక్కుడు కాయల్ని ఉప్పునీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి ఎండబెడితే, వేయించుకుని పెరుగన్నంలో నంజుకోవచ్చు. ఇక చల్ల మిరపకాయల సంగతి. గాట్లు పెట్టిన మిరపకాయల్ని ఉప్పు, వాము కలిపిన పుల్లమజ్జిగలో రాత్రంతా ఉంచి, పగలు ఎండబెట్టి, సాయంత్రం మళ్ళీ ఆ మజ్జిగలోనే వెయ్యాలి. మజ్జిగంతా పీల్చుకునేదాకా అదే వరస. ఇంట్లో కూరగాయ ఒక్కటీ లేని రోజున కూడా ఇవి నాలుగు వేయిస్తే భోజనం ముగుస్తుంది.

ఇదంతా రుచి కోసమే అనుకోకండి. 2023 జూలైలో కిలో టమాటా వంద రూపాయలు దాటిపోయింది. అదే టమాటా ధర పడిపోయినప్పుడు కోత కూలి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసి పోవడం కూడా మనం చూస్తూనే ఉన్నాం. చవగ్గా ఉన్నప్పుడు అయిదు కిలోలు ఎక్కువ కొని ఎండబెట్టిన ఇల్లాలు, పిరమైనప్పుడు బజారు వైపు చూడనక్కర్లేదు. ఇంటి ఖర్చుని అదుపులో పెట్టే ఈ తెలివికి ఏ కాలేజీ పట్టా ఇవ్వలేదు. అత్త చేత్తో కోడలికి, తల్లి చేత్తో కూతురికి వచ్చింది. ఆ చేతులు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి.

అయితే "మన అమ్మమ్మలు చేశారు, మీరెందుకు చెయ్యరు?" అని ఆడపిల్లల్ని దెప్పడానికి నేనీ మాట రాయడం లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో చెయ్యేసే మగవాళ్ళు వెచ్చించేది 88 నిమిషాలు. ఆ 289కి ఇంకో అరవై కలపమనడం న్యాయమా? రోహిణి కార్తె ఎండలో మెట్లెక్కి దిగి, కాకుల్ని తోలి, మబ్బు పడితే పరుగెత్తి పళ్ళేలు దించడం ఒక్క మనిషి పని కాదు. తినేవాళ్ళందరిదీ.

ఇంకో చిక్కుంది. ఒరుగులకి కావలసిన మొదటి సరుకు ఎండ. అపార్ట్‌మెంట్లలో ఆ ఎండ మేడ మీద ఉంటుంది. మేడకి తాళం ఉంటుంది. నేనున్న చోటా అంతే. సెల్ టవరుకీ, నీళ్ళ ట్యాంకుకీ, పుట్టినరోజు విందులకీ మేడ తెరుస్తారు. ఆడవాళ్ళు నాలుగు పళ్ళేలు ఎండబెట్టుకుంటామంటే మాత్రం "మేడ పాడవుతుంది" అంటారు. అపార్ట్‌మెంట్ సంఘం మీటింగులకి ఎక్కువ ఇళ్ళనుంచి మగవాళ్ళే వెళ్తారు కనుక ఈ మాట అడిగేవాళ్ళూ ఉండరు.

అందుకే ఈసారి మీటింగుకి మీరే వెళ్ళండి. మామిడికాయలు వచ్చే నెలల్లో మేడమీద ఒక మూల ఇమ్మని అడగండి. పాత పంచెలు, దోమతెర గుడ్డ చాలు, పైసా ఖర్చు లేదు. కోసే పని ఇంట్లో మగవాళ్ళకి, ఎండలో తిరగేసే పని సెలవులకి ఇంట్లో ఉన్న పిల్లలకి పంచండి. ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ. పై అంతస్తులో ఉన్న పెద్దావిడని పక్కన కూర్చోబెట్టుకుని, ఉప్పెంత, ఎన్నిరోజులు అని అడిగి కాగితం మీద రాసుకోండి. చేసే తీరిక లేకపోతే పొదుపు సంఘాల ఆడవాళ్ళు అమ్మేవి కొనండి. వాళ్ళ దగ్గర మాత్రం బేరమాడకండి. గాజు సీసాకి అడిగినంత ఇచ్చే మనం, మండుటెండలో నిలబడిన చేతికి పది రూపాయలు తగ్గించమనడం ఏం బావుంటుంది?