పరమాణువు కనిపిస్తున్నది, పక్క ఊరే కనిపించడం లేదు

బెంగళూరు నుండి హైదరాబాదు పోయే రహదారికి చేరువలోనే జక్కూరు ఉన్నది. ఆ బాటనే ఇంకా ముందుకు సాగితే చిక్కబళ్ళాపురం, ఆపైన బాగేపల్లి. బాగేపల్లి ఇళ్ళలో నేటికీ తెలుగు మాటే వినిపిస్తుంది. జక్కూరులో 1989లో నెలకొన్న జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రంలో, పరమాణువుల వరుసలను విడివిడిగా చూపగల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని ఉన్నది. నడుమ దూరం నూరు కిలోమీటర్లు కూడా లేదు. ఆ దూరం దాటిన మన బిడ్డలెందరు?

నానో విజ్ఞానంలో బెంగళూరు బలాన్ని ఎవరూ కాదనరు. 2007లో కేంద్రం ఐదేళ్ళకు వెయ్యి కోట్ల రూపాయలతో నానో మిషన్‌ను చేపట్టింది. ఆ ధనం మనమూ కట్టిన పన్నులదే. అయితే బలమంటే యంత్రాల లెక్కేనా? ఆ యంత్రం ముందు ఎవరు కూర్చున్నారన్న లెక్క ఎవరు తీస్తున్నారు?

కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. మన తాతలు, తమిళ సోదరులు మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి అక్కడ బంగారం తవ్వారు. ఆ బంగారమే కొద్ది నానోమీటర్ల రేణువులుగా నీటిలో తేలితే పసుపుగా ఉండదు, కెంపులా ఎర్రబడుతుంది. ఆ ఎరుపునకు కారణం రేణువుల చిన్నతనమేనని 1857లోనే ఫారడే గ్రహించాడు. వెలుతురుతో చూసే సూక్ష్మదర్శిని సుమారు 200 నానోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది గనుక ఆ రేణువు రూపాన్ని ఆయన చూడలేకపోయాడు. ఈనాడు చూడవచ్చు. గని కూలీ మనవడికి ఈ సంగతి ఏ బడిలో చెప్పారు?

తలుపులు తెరిచే ఉన్నాయంటారు. నిజమే. భారతీయ విజ్ఞాన సంస్థలో బయటి పరిశోధకులకు నానో ఎలక్ట్రానిక్స్ వసతులు కల్పించే పథకం 2008లోనే మొదలైంది. దేశంలోని పరికరాల జాబితాతో ఐ-స్టెమ్ 2020లో వచ్చింది. కానీ దరఖాస్తు నింపాలంటే ఏ పరికరం ఏమి చూపునో ముందే తెలియాలి. నమూనాను ఎలక్ట్రాన్లు దూరిపోయేంత పలుచగా సిద్ధం చేయాలి. ఇవి నేర్పే గురువు లేని తాలూకా కళాశాలకు తెరిచిన తలుపూ గోడే.

"పల్లె పిల్లలకు ఇవన్నీ ఎందుకు, కంప్యూటరు చాలదా?" అనే పెద్దలు మనలోనూ ఉన్నారు. వారితోనే నా మొదటి తగాదా. అధికారులతో తగాదా తరువాత.

నెలకొక దినం సరిహద్దు తాలూకాల కళాశాలలకు కేటాయించమని అడుగుదాం. నమూనా తయారీని తెలుగులోనూ కన్నడంలోనూ వివరించే చిన్న పుస్తకం అడుగుదాం. బాగేపల్లిలో తెల్లవారుజామున బస్సెక్కిన విద్యార్థి ప్రయోగశాల తెరిచే వేళకు జక్కూరులో ఉండగలడు.