రెండు మాటల క్రియలు

ఆంగ్లభాషలో మన విద్యార్థులను ఎక్కువగా చిక్కుపెట్టునవి పెద్ద పదాలు కావు, చిన్న పదాలే. 'పోస్ట్‌పోన్', 'టాలరేట్', 'ఎక్స్‌టింగ్విష్' అనే మాటలను పాఠ్యపుస్తకాలలో చక్కగా నేర్చుకొన్నవారు సైతం ఇంటర్వ్యూలో ఎదుటివారు 'పుట్ ఆఫ్', 'పుట్ అప్ విత్', 'పుట్ అవుట్' అనగానే తెల్లబోతారు. 'పుట్' తెలుసు, 'ఆఫ్' తెలుసు. రెండూ కలిస్తే వాయిదా వేయుట ఎట్లా అయినదో తెలియదు. ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో ప్రచురించిన తన నిఘంటువు పీఠికలోనే, విదేశీయులకు మిక్కిలి కష్టము కలిగించునవి ఈ క్రియలని గుర్తించి, వాటిని శ్రద్ధతో నమోదు చేసినారు.

బజారులో దొరికే గైడ్లు దీనికి చూపే మందు ఒకటే: అక్షరక్రమంలో ఒక పెద్ద జాబితా. 'గివ్ అప్', 'గివ్ ఇన్', 'గివ్ అవుట్', 'గివ్ అవే' ఒకదాని క్రింద ఒకటి! పరీక్ష ముగిసేసరికి ఏది మానివేయుటో, ఏది లొంగిపోవుటో కలగాపులగమవుతుంది. ఈ కంఠస్థపద్ధతిని మేము సమర్థించలేము.

మన కళాశాలలో రెండు భాషలు వినబడుతున్నవి. రెండింటిలోను ఈ తాళానికి చెవి ఉన్నది. ఉర్దూలో 'ఖా జానా' అన్నప్పుడు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. పూర్తిగా తినివేయుట అని భావం. 'మార్ బైఠ్‌నా'లో కూర్చొనేవారు లేరు. తెలుగులో 'తినివేయుట'లో మాత్రం వేసేదేమున్నది? 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్' అన్నప్పుడు 'అప్' చేసే పని కూడ ఇదే. పైకి పోయేదేమీ లేదు. ఇక 'చేయి చేసుకొన్నాడు' అన్న మాటకు ఏ ఆంగ్లేయుడైనా నిఘంటువులో 'చేయి' వేరుగా, 'చేసుకొనుట' వేరుగా వెదికితే, దెబ్బ తిన్నవాని బాధ ఆయనకు ఎన్నటికీ బోధపడదు!

అయితే మాటల వరుసలో ఆంగ్లం దారి వేరు. 'పుట్ ఆఫ్ ది మీటింగ్' అన్నా, 'పుట్ ది మీటింగ్ ఆఫ్' అన్నా సరియే. కాని 'ఇట్' వచ్చినపుడు 'పుట్ ఇట్ ఆఫ్' అనియే అనవలెను. 'లుక్ ఆఫ్టర్' అట్లు విడిపోదు. జాబితాలో ఈ సంగతి కనబడదు, వాక్యంలో కనబడుతుంది.

కావున విద్యార్థులు వారానికి ఐదారు క్రియలను మాత్రమే, తాము చదివిన కథలోనో వార్తలోనో ఎదురైన వాక్యంతో సహా వ్రాసుకొని, ప్రక్కన తెలుగు, ఉర్దూ వాక్యాలు చేర్చుకొనవలెను. తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు, ఉర్దూ మాధ్యమం నుండి వచ్చినవారు జతగా కూర్చొని ఈ పని చేస్తే మరీ మేలు.

కమిటీవారికి మా మనవి: కళాశాలలో జరిపే పరీక్షలలో 'ఈ క్రింది వానికి అర్థములు వ్రాయుము' అనే ప్రశ్నను తొలగించి, ఒక పేరా ఇచ్చి అందులోని క్రియల భావం అడిగించవలెను. గ్రంథాలయంలోని ఆంగ్ల కథల పుస్తకాలను విద్యార్థులకు ఇంటికిచ్చే ఏర్పాటు కూడ చేయించవలెను. ఈ క్రియలు విరివిగా కనబడునది ఆ కథల సంభాషణలలోనే.