చుక్క పడిన చోటు, నీరు దూరిన చోటు



ఈ వారం ధ్యానానికి మన మందిరం కప్పునే తీసుకున్నాము. స్లాబు ఉరుస్తున్న సంగతి ఊళ్లో ఉన్నవారికి తెలుసు. స్త్రీలు కూర్చునే వైపు రెండో ఫ్యాను దగ్గర చుక్కలు పడుతున్నాయి. పక్కనే అరచేతి మందాన పెచ్చు ఊడి ఇనుప చువ్వ కనిపిస్తోంది. దీని మీద సంఘంలో రెండు మాటలు నడుస్తున్నాయి. ఇంటికి 2,000 రూపాయలు చందా వేసి స్లాబు పైన రేకుల షెడ్డు వేద్దామనేది మొదటిది. స్లాబు పోసిన మేస్త్రి సిమెంటు తగ్గించాడనేది రెండోది. ఆ మేస్త్రి మన సంఘస్థుడే. ఆయన, ఆయన భార్య మూడు ఆదివారాలుగా ఆరాధనకు రావడం లేదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాము. నీరు ఎక్కడ దూరుతోందో తెలియకముందు ఎవరి దగ్గరా డబ్బు అడగకూడదు, ఏ మనిషి మీదా మాట వేయకూడదు. "ఎక్కడ" అన్నది తేలిన తరువాతే "ఎంత" అనాలి. "ఎవరు" అన్నది అన్నిటికంటే ఆఖరున రావాలి. చాలాసార్లు దాని అవసరమే రాదు.

నీటి స్వభావం మనకు తెలియనిది కాదు. కోటప్పకొండ మీద వాన పడితే ఆ నీరు పడిన చోటే నిలబడదు. బండల సందుల్లో దూరి, వాలు దొరికిన వైపు నడిచి, ఎక్కడో కింద ఊటగా కనిపిస్తుంది. స్లాబులోనూ అంతే. పైన సన్నటి సందులో దూరిన నీరు కాంక్రీటు లోపల ఖాళీ వెదుక్కుంటుంది. కరెంటు వైర్ల కోసం స్లాబులో పెట్టిన గొట్టం దొరికితే దానిలోకి దిగి, అది తీసుకెళ్లినంత దూరం వెళ్లి, ఫ్యాను బాక్సు దగ్గర చుక్కై పడుతుంది. చూసేవారు ఫ్యానుకు సరిగ్గా పైన పగులు వెదుకుతారు. అక్కడ పగులు ఉండదు. అప్పుడు "స్లాబంతా చెడిపోయింది" అంటారు. ఆ మాట నుండి "మేస్త్రి మోసం చేశాడు" అనే మాటకు ఒక్క అడుగే దూరం.

ఇది పల్లె మందిరాలకే వచ్చే కష్టం కాదు. 2024 జులై 31న ఢిల్లీలో కుండపోత వాన కురిసినప్పుడు కొత్త పార్లమెంటు భవనం లాబీలో నీళ్లు కారాయి. కింద బకెట్ పెట్టిన వీడియో దేశమంతా చూసింది. గాజు గుమ్మటాలను అతికించిన పదార్థం కాస్త పక్కకు జరగడమే కారణమని లోక్‌సభ సచివాలయం తెలిపింది. అంత పెద్ద భవనంలో నీరు దూరింది ఒక అతుకు దగ్గర. మనకు దగ్గర్లోనే, వెలగపూడి తాత్కాలిక శాసనసభ భవనంలో, 2017 జూన్‌లో అప్పటి ప్రతిపక్ష నేత గదిలోకి వాన నీరు వచ్చింది. కట్టుబడిలో నాణ్యత లేదని ఒక పక్షం అంది. పైన పైపును ఎవరో కోశారని మరో పక్షం అంది. సీఐడీ విచారణ దాకా వెళ్లింది. అందులో ఎవరిది నిజమో తేల్చడం మన పని కాదు, రాజకీయం మనకు వద్దు. కప్పు కారిన వెంటనే మనుషుల నోట "ఎవరు" అనే ప్రశ్న ఎంత త్వరగా వస్తుందో మాత్రం గమనించండి.

ప్రభువు శిష్యులు కూడా ఆ ప్రశ్నే అడిగారు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాణ్ణి చూడగానే వారికి జాలి కంటే ముందు సందేహం వచ్చింది. పాపం ఇతనిదా, ఇతని తల్లిదండ్రులదా అన్నారు. ప్రభువు ఆ లెక్కలోకి దిగలేదు. ఆ మనిషికి చేయవలసిన పని చేశాడు.

ఇక ఇంటి గోడ చెడితే ఏమి చేయాలో లేవీయకాండము 14వ అధ్యాయం చివరి భాగంలో వరుసగా రాయబడి ఉంది. మనలో చాలామంది ఆ అధ్యాయాన్ని కుష్ఠు సంగతి అనుకుని త్వరగా దాటేస్తారు. ఒకసారి నిదానంగా చదవండి. గోడ మీద పచ్చగానో ఎర్రగానో మచ్చలు కనబడితే ఇంటి యజమాని వచ్చి యాజకునితో చెప్పాలి. యాజకుడు లోపల అడుగు పెట్టకముందే సామాను బయట పెట్టించాలి, లేకపోతే ఇంట్లో ఉన్నదంతా అపవిత్రమని తీర్పు పడుతుంది. చూడండి, విచారణ మొదలు కాకముందే పేదవాని కుండలు, చాపలు భద్రం చేశాడు దేవుడు. తరువాత యాజకుడు మచ్చ గోడ లోపలికి దిగిందా అని చూస్తాడు. చూసి తీర్పు చెప్పడు. ఇల్లు ఏడు దినాలు మూయిస్తాడు. ఏడవ దినాన మళ్లీ వచ్చి చూస్తాడు. మచ్చ వ్యాపించి ఉంటే ఆ మచ్చ ఉన్న రాళ్లనే ఊడదీయించి, గోడలు గీయించి, వేరే రాళ్లు, వేరే అడుసు పెట్టిస్తాడు. ఇంత చేసినా మళ్లీ వస్తే అప్పుడు ఇల్లు పడగొట్టాలి.

చూడటం, ఆగటం, మళ్లీ చూడటం, చెడినంతవరకే తీయటం. పడగొట్టడం చివరి మెట్టు. మన చందా మాట చివరి మెట్టుతో మొదలైంది. అందుకే దాన్ని ఆపమని కమిటీ పెద్దలను కోరాము. వారు ఒప్పుకున్నారు, ఆ పెద్ద మనసుకు వందనాలు.

ఈమధ్య వాన తెరిపి ఇచ్చిన రోజుల్లో యౌవనస్థులు నలుగురు ఈ పని పూనుకున్నారు. వారు చేసిన విధం మీ ఇళ్లకు కూడా పనికి వస్తుంది గనుక రాస్తున్నాము. మొదట మెయిన్ ఆపేశారు, ఎందుకంటే ఫ్యాను బాక్సులో నీరు ఉన్నప్పుడు కరెంటుతో ఆటలాడకూడదు. పెచ్చు ఊడిన చోటి కింద చాపలు తీసేశారు. లోపల చెమ్మ మరక చుట్టూ సుద్దతో గీత గీసి తేదీ వేశారు, మరక పెరుగుతోందో లేదో ఆ గీతే చెబుతుంది. స్లాబు పైభాగాన్ని సుద్దతో ఆరు గడులుగా చేశారు. అందరూ చెప్పే పద్ధతి మట్టికట్ట కట్టి నీళ్లు నిలబెట్టడం. కానీ ఒక్క అంగుళం నీరు నిలిచినా చదరపు మీటరుకు 25 కిలోల బరువు పడుతుంది. చువ్వ బయటపడిన స్లాబు మీద అది వద్దనుకుని, గోనె సంచులు తడిపి పరిచారు, పైపుతో కొద్దికొద్దిగా నీళ్లు పెట్టారు.

పల్లపు గడి నుండి మొదలుపెట్టారు. ఎగువన పోస్తే నీరు దిగువకు కూడా పారి, ఏ గడిలో దూరిందో తెలియకుండా పోతుంది. మొదటి రెండు గడుల్లో చుక్క రాలేదు. మూడో గడిలో, పడమటి పిట్టగోడ దగ్గర వాన నీటి గొట్టం మొదట్లో నీళ్లు పెట్టిన 40 నిమిషాలకు కింద ఫ్యాను దగ్గర చుక్క పడింది. కొలిస్తే గొట్టానికీ ఫ్యానుకూ మధ్య 11 అడుగులు. పైపుగా ఆనవాలు కోసం బట్టలకు వేసే నీలిమందు నీళ్లలో కలిపి పోశారు. చుక్క నీలంగా వచ్చింది. అంతటితో సంబరపడక, ఆరనిచ్చి, రెండు రోజుల తరువాత మళ్లీ చేశారు. మళ్లీ నీలమే. ఏడవ దినపు చూపు అంటే ఇదే.

గొట్టానికీ కాంక్రీటుకీ మధ్య గోరు దూరేంత సందు ఉంది. ప్లాస్టిక్ గొట్టం ఎండకు కాంక్రీటు కంటే చాలా ఎక్కువ సాగుతుంది, చల్లబడితే అంతే ముడుచుకుంటుంది. రెంటచింతల ఎండల పేరు తెలియనివారు ఉండరు, మన ఎండా దానికి తీసిపోయేది కాదు. ఏళ్ల తరబడి అలా సాగి ముడిచిన చోట అతుకు విడిపోతుంది. దాని మీద వేపాకు చేరి నీరు నిలిస్తే ఆ సందులోకి దిగుతుంది. స్లాబులో సిమెంటు తగ్గినందువల్ల వచ్చిన నీరు కాదు ఇది. ఆ సందు చుట్టూ చెక్కి, శుభ్రం చేసి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో నింపి, మూలను గుండ్రంగా తీర్చి, గొట్టం మూతికి జాలీ పెట్టాలి. ఒక సిమెంటు బస్తా, పూట కూలి. తరువాత కింద చువ్వ తుప్పు గీకించి, తెలిసినవారిచేత మందు పూయించి పెచ్చు పూడ్చాలి. దాన్ని మాత్రం వాయిదా వేయకూడదు. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది, పెచ్చులు ఇంకా ఊడతాయి.

మీ ఇంటి కప్పు ఉరుస్తుంటే ముందు సమయం గమనించండి. వాన మొదలైన వెంటనే చుక్క పడితే పగులో, తెరుచుకున్న అతుకో ఉంటుంది. వాన వెలిసిన గంటల తరువాత పడితే పైన ఎక్కడో నీరు నిలిచి ఇంకుతోంది. వాన లేకుండా పడితే ట్యాంకునూ నీళ్ల గొట్టాలనూ చూడండి. ఒక దిక్కు గాలి వీచినప్పుడే పడితే కప్పు కాదు, గోడను అనుమానించండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ వంటి తుపానులో వాన నిలువుగా పడదు, గోడను కొడుతుంది. రేకుల ఇళ్లయితే మేకులు, బోల్టులు దిగిన రంధ్రాలు, రేకు మీద రేకు కలిసే చోట్లు చూడండి. పాత సిమెంటు రేకు మీద నేరుగా కాలు పెట్టవద్దు, విరుగుతుంది. లోపలి వైపు రంగు వేసి మరక కప్పితే ఏమీ బాగుపడదు. తిరునాళ్ల ప్రభలు వెళ్లిపోయాక, తొలకరికి ముందు ఉన్న ఎండాకాలమే మరమ్మతుకు మంచి సమయం.

షెడ్డు వేద్దామన్నవారి మాట తీసిపారేసేది కాదు. నీడ వస్తుంది, వేసవిలో స్లాబు కాలదు, వాన నేరుగా పడదు. స్లాబు అన్ని వైపులా ఇంకుతూ ఉంటే మేమూ అదే అనేవాళ్లం. ఇక్కడ ఆరు గడుల్లో ఒక్క చోటే దోవ కనబడింది, మిగిలిన మూడు గడులు కూడా ఈ వారం చూస్తారు. షెడ్డు స్తంభాలు నిలపాలంటే బాగున్న స్లాబుకే బోల్టు రంధ్రాలు కొట్టాలి. తుపాను గాలికి రేకులు పట్టి ఉండాలి. అన్నిటికంటే, మిరపకోతకూ పత్తి తీతకూ వెళ్లి కూలి తెచ్చుకునే ఇంటికి 2,000 రూపాయలంటే ఎన్ని రోజుల ఎండో మనకు తెలుసు. అవసరం నిజమైతే ఆ తల్లులు అడగకుండానే తెచ్చి ఇస్తారు. అందుకే అవసరం నిజమో కాదో తేల్చడం వారికి మనం చెల్లించవలసిన బాకీ.

ఇప్పుడు బరువైన మాట. నీరు దూరిన సందు దొరికింది గానీ, మేస్త్రి ఇంటి తలుపు ఇంకా తెరుచుకోలేదు. పడిన మాట గోడ మీది మరక వంటిది, నీరు ఆగినా అది వెంటనే పోదు. మాట అన్నవారు ఎవరో ఇక్కడ రాయము, వారికే తెలుసు. వారు మందిరంలో మైకు ముందు కాదు, ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "అన్నా, తెలియక అన్నాం" అనాలి. స్త్రీల సమాజం వారు ఆ చెల్లెలి దగ్గరకు వెళ్లి కూర్చోవాలి. గొట్టం దగ్గరి పని కూడా ఆయన చేతనే, కూలి ఇచ్చి చేయిద్దామని మా మనవి. ఉచితంగా చేయమని అడగవద్దు, అది శిక్షలా ఉంటుంది.

సంసారాల్లోనూ ఇదే జరుగుతుంది. కోడలు విసుక్కుంది, కొడుకు ప్రార్థనకు రావడం మానేశాడు, ఒక పెద్దాయన మీటింగులో కేక వేశాడు. మనకు కనబడేది చుక్క. అప్పు కావచ్చు, జబ్బు కావచ్చు, ఎన్నడో పడిన అవమానం కావచ్చు, నీరు దూరిన చోటు వేరే ఉంటుంది. చుక్క పడిన చోట సున్నం కొట్టి ఊరుకోవద్దు. నిదానంగా, గడి తరువాత గడిగా, ప్రేమతో అడగండి.

సోమరితనం వల్ల ఇంటి కప్పు దిగబడుతుందని ప్రసంగి 10:18 హెచ్చరిస్తుంది. ఇకపై ప్రతి నెల మొదటి శనివారం స్లాబు ఊడ్చి గొట్టం మూతి చూసే పని యౌవనస్థులు తీసుకున్నారు. రాబోయే ఆదివారం ఆరాధన తరువాత కమిటీ కూర్చుంటుంది. మిగిలిన గడుల సంగతి, ఖర్చు లెక్క అందరి ముందు పెడతారు. మేస్త్రి కుటుంబం మన మధ్య కూర్చుని ఉండేలా అప్పటికి మనం చేయవలసింది చేద్దాం. అందుకోసం ప్రార్థించండి, ప్రార్థించి లేచి వెళ్లండి.

సమాధానకర్తయగు దేవుడు మీ ఇండ్లను, మన మందిరమును కాపాడును గాక. ఆమేన్.