చేపల తొట్టికి మూత ఏది మేలు?

హాల్లో ఓ మూల రంగురంగుల చేపలు తిరుగాడుతుంటే ఆ ఇంటి కళే వేరు. తొట్టి, గులకరాళ్ళు, మొక్కలు, లైటు అన్నీ ముచ్చటపడి కొన్నవాళ్ళు కూడా మూత దగ్గరికి వచ్చేసరికి 'ఏదో ఒకటి కప్పుదాంలే' అనేస్తుంటారు. పాలగిన్నెకూ, ఆవకాయ జాడీకీ సరిపడే మూత వెదికి మరీ పెట్టే మనం, ప్రాణమున్న చేపల విషయంలో అశ్రద్ధ చేయవచ్చా చెప్పండి?

మూత ఎందుకంటే...

చేపలు ఎగురుతాయి. ఫైటర్, గౌరామి, స్వోర్డ్‌టెయిల్, బాలా షార్క్, అరోవానా వంటివి మరీను. ఉన్నట్టుండి లైటు వేసినా, నీళ్ళు పాడైనా బెదిరి గెంతుతాయి. తెల్లారేసరికి సోఫా కింద ఎండిపోయి కనిపిస్తే పిల్లల ఏడుపు ఆపడం మన తరమా? పైగా మూత లేని తొట్టిలో బల్లి పడొచ్చు, పిల్లి పంజా విసరొచ్చు, చంటివాడు చేతికందింది వేసెయ్యొచ్చు. నీళ్ళు కూడా త్వరగా ఆవిరైపోతాయి.

గాజు మూత

మన్నికకీ, వెలుతురుకీ ఇదే మేలు. రెండడుగుల తొట్టికి 4 మిల్లీమీటర్ల మందం చాలు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు పలక దాదాపు రెండు కిలోలు తూగుతుంది. తడిచేత్తో ఎత్తాలంటే కష్టమే! అందుకే రెండు ముక్కలుగా చేయించుకోండి. మేత వేసేటప్పుడు ముందు ముక్క ఒక్కటి తీస్తే సరి. అంచులు తప్పకుండా అరగదీయించండి, లేకపోతే చేతులు తెగుతాయి. వెనక మూల చిన్నగా కోయిస్తే గాలి గొట్టం, వైర్లు అందులోంచి వెళ్తాయి. కొలత తొట్టి అంచుల లోపల తీసుకుంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువే చెప్పండి. బిర్రుగా బిగిస్తే తీసేటప్పుడు పగులుతుంది.

ప్లాస్టిక్, జాలీ

లైటుతో వచ్చే ప్లాస్టిక్ మూతలు తేలిగ్గా ఉంటాయి, చూపుకీ బావుంటాయి. పల్చటి ఆక్రిలిక్ రేకు మాత్రం అడుగున తడి, పైన పొడి తగిలి కొన్నాళ్ళకు వంగిపోతుంది. కొంటే మందంగా ఉన్నదే కొనండి.

మన ఎండాకాలానికి జాలీ మూత హాయి. వేడి నీళ్ళలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. జాలీ అయితే గాలి ఆడి, నీళ్ళు ఆవిరవుతూ కాస్త చల్లబడతాయి. అల్యూమినియం ఫ్రేముకి నైలాన్ దోమతెర బిగించుకుంటే చాలు. ఇనుప జాలీ తుప్పు పడుతుంది. జింకు పూత జాలీ అసలే వద్దు, జింకు చేపలకు విషం. జాలీ వాడేటప్పుడు నీళ్ళు త్వరగా తగ్గుతాయి కాబట్టి ఒకరోజు ముందు పట్టి ఉంచిన నీళ్ళు అప్పుడప్పుడూ కలుపుతుండండి.

వేసవిలో జాలీ, చలికాలంలో గాజు. ఇలా రెండూ ఉంచుకున్నా పెద్ద ఖర్చేం కాదు.

ఊపిరాడుతుందా?

చాలామందికి ఇదే సందేహం. మూత మరీ బిగుతుగా లేకుండా, వైర్ల సందులు ఉండి, నీటికీ మూతకీ మధ్య రెండంగుళాల ఖాళీ ఉంటే భయం లేదు. ఫైటర్, గౌరామి పైకొచ్చి గాలి మింగి వెళ్తాయి కనుక ఈ ఖాళీ వాటికి మరీ అవసరం.

ఇవి మరువకండి

* మూత అడుగున ఎప్పుడూ నీటి చుక్కలుంటాయి. లైటు గాజుకి పైనే ఉండాలి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళేట్టు చూడండి. అప్పుడు జారిన నీళ్ళు ప్లగ్గులోకి పోవు. నీళ్ళలో చెయ్యి పెట్టేముందు స్విచ్చి ఆపడం కాదు, ప్లగ్గే తీసెయ్యండి. పిల్లలకూ నేర్పండి.

* దోమల మందుల్లో ఎక్కువగా ఉండే పైరిథ్రాయిడ్ రకం మందులు చేపలకు చాలా ప్రమాదం. మూత ఉంది కదా అని స్ప్రే కొట్టకండి. గాలి పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి వదులుతుంది మరి! తొట్టి ఉన్న గదిలో ఆ మందు కొట్టకపోవడమే మంచిది.

* వారానికోసారి మూతను మంచినీళ్ళతో, మెత్తటి గుడ్డతో తుడవండి. సబ్బు, గాజు తుడిచే ద్రవాలు వద్దు. పాచి పట్టి మసకబారితే మొక్కలకు వెలుతురు తగ్గుతుంది.

గంతకు తగ్గ బొంత అన్నారు పెద్దలు. మీ తొట్టి కొలత, అందులోని చేపలు, మీ ఊరి ఎండ, ఈ మూడూ చూసుకుని మూత చేయించుకోండి. చేపలకు క్షేమం, పిల్లలకు సంబరం, మీకు నిశ్చింత. ఏమంటారు?