ఆకురాతి కరవు

భద్రాచలము చుట్టునున్న యడవిపల్లెలలో కొలిమి యింకను చల్లారలేదు. దుమ్ముగూడెము, చర్ల ప్రాంతములందలి రైతు గొడ్డలి మొద్దువారిన దినమున కొత్తగూడెము బజారునకు పరుగెత్తడు, కమ్మరియొద్దకే పోవును. నాగటి కర్రు, కొడవలి, వెదురు నరకు కత్తి, బాణపు ములికి – యివన్నియు నాతని చేతి మీదుగనే నడచును. ఆ కమ్మరికి ఇనుము కొదువ లేదు. లారీల పాత కమాను పట్టీలు చాలును. బొగ్గును దొరకుచున్నది. దొరకనిది మంచి ఆకురాయి. ఇది అల్పవిషయముగ తోచవచ్చును. కాని సమ్మెటతో ఆకారము వచ్చునే గాని అంచు తీరదు. అంచును తీర్చునది ఆకురాయియే.

కరెంటుతో తిరుగు గ్రైండరుండగా చేతి ఆకురాయి యేల యని కొంద రడుగుదురు. మోటుపనికి గ్రైండరు మంచిదే. మేము దానికి విరోధులము గాము. అయితే ఏమరుపాటున దాని యొరపిడికి పలుచని యంచు క్షణములో కాగి నీలిరంగు తేరును. పదను పోయినదనుటకు ఆ నీలమే గుర్తు. కమ్మరి నిప్పులో కాచి నీట ముంచి సంపాదించిన గట్టిదనము అంతటితో సరి. చూపునకు తళతళలాడు గొడ్డలి రెండు మోడులు నరకులోపల అంచు మడచుకొనును. ఆకురాతికి ఆ దోషము లేదు. ఎంత తీయవలెనో అంతయే తీయును, పదను చెడునంతటి వేడి పుట్టించదు.

మంచి ఆకురాయి యనగా నేమి? నూటికి ఒక పాలు మించి కర్బనము గల యుక్కుకడ్డీకి పండ్లు కొట్టి, పిదప ఎఱ్ఱగ కాచి చల్లార్చి గట్టిపరచినది. పండ్లు కొట్టుట తిరుగలికి కక్కు కొట్టుట వంటిదే. ఉలిని వెండ్రుకవాసి జరుపుచు దెబ్బ వెంట దెబ్బ వేయవలెను. ఇంగ్లండునందలి షెఫీల్డు పట్టణమున ఒకప్పుడు ఈ పని చేతితోడనే జరిగెడిది. ఉలిదెబ్బకు అడుగున సీసపు దిమ్మ నుంచుకొనుటచే ఎందరో పనివారు సీసపు విషమునకు ఎరయైరి. 19వ శతాబ్ది యుత్తరార్ధమున యంత్రములు ఆ పని నందుకొన్నవి. నేడు మహారాష్ట్రమున రత్నగిరి ప్రాంతమునందు తయారగు ఆకురాళ్లు విదేశములకు సైతము ఎగుమతియగుచున్నవి. దేశమున సరుకు లేదని యెవరును చెప్పజాలరు. ఉన్న సరుకు అడవి యంచునకు చేరుట లేదు.

చేరుచున్న దేమి? సంతలో గోనెపట్టపై పరచిన పేరూ ఊరూ లేని సరుకు. మెత్తని యినుమునకు పైతోలు మాత్రము గట్టిపరచి, నల్లరంగు పూసి యమ్ముదురు. నాలుగు కొడవళ్లు తీర్చునప్పటికి పండ్లు రాలును, ఐదవదానిపై జారిపోవును. చవకయని కొన్నవాడు ఏటికి మూడుమారులు కొనుచున్నాడు. గాజుముక్కపై గీత పడినచో మంచిదని యొక పరీక్ష చెప్పుదురు. అది పూర్తిగ మెత్తనిదానిని పట్టియిచ్చును గాని పైతోలు గట్టిదానిని పట్టజాలదు. వెలుతురుకు ఏటవాలుగ పట్టి పండ్ల కొనలు తెల్లగ మెరయుచున్నవేమో చూడవలెను. మెరసినచో అవి మొద్దులే. మంచి ఆకురాతి తోక మెత్తగ నుండును, విరుగదు. ఒడలంతయు గట్టిగ నుండును, వంగదు.

కొనుట యెంత ముఖ్యమో కాచుకొనుటయు నంతే. వెనుకకు లాగునపుడు ఒత్తరాదు. పండ్లలో ఇరుకుకొన్న రజనును తీగెల బ్రష్షుతో తీసి, సుద్ద రాచినచో మరల ఇరుకదు. క్రొత్తదానిని ముందు ఇత్తడిపై వాడి, పిదప ఇనుముపైకి దింపుట మంచిది. సమ్మెటలతో, పట్టకారులతో ఒక్క సంచిలో కలిపి పడవేయువాడు ఎంత మంచి ఆకురాయి కొన్నను ఒకటే.

ఇనుప ఖనిజము గల సీమలో ఈ కరవేమి! నిజామాబాదు సీమలోని కోనసముద్రపు ఉక్కు పారశీకమునకు కత్తులకై పోయినది. పాల్వంచలో స్పాంజి ఇనుప కర్మాగారము వెలసినది. 2010లో అది ఎన్.ఎం.డి.సి.లో కలిసినది. ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారపు సాధ్యతను పరిశీలింపవలెనని 2014 నాటి విభజన చట్టమే చెప్పినది. బయ్యారము పేరు వినిన ప్రతివాడును ఉక్కు కలలే కనుచున్నాడు. ఆ కలను మేము తప్పుపట్టము. కాని కొలిమి యొద్ద కూర్చున్నవానికి కావలసినది కర్మాగారము గాదు. పండ్లు నిలిచెడి పదునాలుగంగుళముల ఉక్కుముక్క.

ఇది సాధించుటకు క్రొత్త శాఖ అక్కరలేదు. భద్రాచలము ఐ.టి.డి.ఏ. వారు ప్రమాణముద్ర గల ఆకురాళ్లను మొత్తముగ కొని, గిరిజన సహకార సంస్థ డిపోలలో ఉప్పు పప్పుల ప్రక్కన నుంచవచ్చును. 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన మండలములకు చింతూరు ఐ.టి.డి.ఏ. వారును ఆ పనియే చేయవలెను. నడుమ గీత గీచినంత మాత్రమున కొలిమి అవసరము మారలేదు. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు విద్యార్థి మొదటి పాఠము ఆకురాతితోనే నేర్చును; మంచి ఆకురాయిని గుర్తించు విద్యను వారాంతములందు కమ్మరులకు నేర్పుటకు అక్కడి యుపాధ్యాయులకంటె తగినవా రెవరు? చదునువి, అర్ధచంద్రపువి, కొడవలి పండ్లకు మూడంచులవి – ఈ మూడు రకములును వరికోతలు ప్రారంభము గాకమునుపే డిపోలకు చేరవలెను.