గోడలకు చెవులు పెట్టండి, మా చెవులు కాపాడండి!



1888లో కోయంబత్తూరులో స్టేన్సు మిల్లు వచ్చింది. కొద్ది ఏండ్లకే మదురైలో హార్వీ మిల్లు లేచింది. అప్పటి నుంచీ మన తెలుగు పేటల జనం తరతరాలుగా మిల్లు గేట్ల లోపలికి పోతూనే ఉన్నారు. కూలి కోసం పోరాడినాము, బోనసు కోసం పోరాడినాము. ఇప్పుడు చెవి కోసం పోరాడవలసిన వేళ వచ్చింది.

మిల్లు మనిషి మాట వీధి చివరికి వినిపిస్తుందని పేటలో నవ్వుతారు. ఇది నవ్వే సంగతి కాదు. యంత్రాల రొద మొదట సన్నని శబ్దాలు వినే శక్తిని తినేస్తుంది. స, ష, త, క వంటి అక్షరాలు తేడా తెలియకుండా పోతాయి. గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. మన పేటల్లో తెలుగు నిలిచింది బడి వల్ల కాదు, అవ్వాతాతల నోటి వల్ల. ఒకే మాట మూడుసార్లు చెప్పలేక మనవళ్లు తాతతో మాట్లాడటమే మానేస్తే, పోయేది ఒక్క తాత చెవి మాత్రమేనా?

చట్టం ఏమంటుంది? ఫ్యాక్టరీ నిబంధనల లెక్కలో 8 గంటల షిఫ్టుకు 90 డెసిబెల్సే హద్దు. 95 ఉంటే 4 గంటలు, 100 ఉంటే 2 గంటలు. షటిల్ మగ్గాల షెడ్డులో 95 దాటడం మామూలే. రొద వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీలో పుట్టే జబ్బేనని 1948 చట్టం తన మూడో షెడ్యూలులో ఒప్పుకున్నది. 2020 నాటి కోడ్ కూడా దాన్ని తీసివేయలేదు.

మన హాలు చూడండి. సిమెంటు పూసిన గోడ, కాంక్రీటు నేల, పైన రేకు. అటువంటి గోడ తన మీద పడిన శబ్దంలో నూటికి 97 పాళ్లు తిరిగి మన మీదికే విసురుతుంది. యంత్రం ఒకసారి కొడితే గోడలు పదిసార్లు కొడతాయి. అదే గోడకు రెండు అంగుళాల గాజు ఉన్ని గానీ, రాతి ఉన్ని గానీ, ఒత్తిన దూది పలక గానీ కడితే సన్నని, మధ్యరకం శబ్దంలో నూటికి 80కి పైగా లోపలే ఆగిపోతుంది. పోగుల సందుల్లో గాలి రాపాడి శబ్దం వేడిగా మారిపోతుంది. పలకకూ గోడకూ మధ్య కొంచెం ఖాళీ వదిలితే బరువైన శబ్దం కూడా తగ్గుతుంది.

ఇది కొత్త విద్య కాదు. 1895లో హార్వర్డులో సాబిన్ అనే పంతులు మాట మారుమోగే ఉపన్యాస గదిలో కుర్చీ మెత్తలు పరచి ఈ లెక్క తేల్చినాడు. 1945లో మన కోయంబత్తూరులోనే శ్రీరాములు నాయుడు గారు పక్షిరాజా స్టూడియో పెట్టినారు. గోడ మారుమోగితే డైలాగు రికార్డు కాదని సినిమా వాళ్లందరికీ తెలుసు. నటుని గొంతుకు ఉన్న విలువ సైడరు చెవికి లేదా? అయ్యగార్ల మీటింగు గదికి మెత్తని పలకలు, మన హాలుకు మొండిగోడలా?

యాజమాన్యం సాకులు మూడు.

"అలవాటైపోతుంది" అంటారు. అయ్యేది అలవాటు కాదు, చెవుడు. చెవి లోపలి కణం చస్తే మళ్ళీ పుట్టదు.

"చెవిలో దూది పెట్టుకోండి" అంటారు. చెవిలో కుక్కిన చిటికెడు దూది ఈ రొదను ఆపదు. గోడకు రెండు అంగుళాలు కట్టిన దూది ఆపుతుంది. కోంబరు వేస్టు మన చేతుల మీదుగానే బయటికి పోతున్నది కదా!

"పలకలతో తగ్గేది నాలుగైదు డెసిబెల్సే" అంటారు. నిజమే, యంత్రం పక్కనే నిలిచినవానికి అదీ తక్కువే. కానీ 95 నుంచి 90కి దిగితే చట్టం లెక్కలో 4 గంటలు 8 గంటలవుతాయి. అది చిన్న సంగతా? యంత్రం దగ్గరి రొదకు మందు వేరే ఉంది: అరిగిన బేరింగులు మార్చడం, గేర్లకు మూత బిగించడం.

చవక సరుకుతో మోసపోవద్దు. థర్మాకోలు, కోడిగుడ్ల అట్టలు ఈ పనికి రావు. మామూలు ఫోము నిప్పుకు చెల్లెలు. 2003లో అమెరికాలో ఒక నైట్‌క్లబ్బు గోడల ఫోము అంటుకొని 100 మంది చనిపోయినారు. దూది ఎగిరే మన హాలుకు మంటకు తట్టుకునే పలకే కావాలి. దూది పలక అయితే బోరాక్సు మందు పట్టించాలి. పైన పలుచని గుడ్డ ఉండాలి, వారం వారం దుమ్ము తీయాలి. రంగు పూస్తే రంధ్రాలు మూసుకొని పలక గోడే అవుతుంది.

మా డిమాండ్లు:

1. ప్రతి హాలులో రొద కొలిచి, ఆ అంకె గేటు దగ్గర తెలుగు, తమిళాల్లో రాయాలి.
2. పై కప్పుకూ గోడలకూ మంట తట్టుకునే పలకలు కట్టాలి.
3. యంత్రాల మరమ్మతు వాయిదా వేయరాదు. పని పూర్తయ్యే దాకా సరైన చెవి మూతలు ఇవ్వాలి.
4. ఏడాదికొకసారి అందరికీ, కాంట్రాక్టు వారికీ, చెవి పరీక్ష చేయించాలి. చెవుడు తేలినవారికి నష్టపరిహారం ఇవ్వాలి.

సోదరులారా, వచ్చే గేటు మీటింగుకు ప్రతి షిఫ్టు నుంచీ కదలి రండి. యంత్రాల రొదను మించి మన మాట వినిపిద్దాం!